క్షయవ్యాధియు, వంశపారంపర్యమును: ఒక చారిత్రక పరిశీలన

శతవార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి ఇమ్మని సంపాదక వర్గము వారు కోరినప్పుడు, మన దేవాలయముల చరిత్ర, పాఠశాలల చరిత్ర వ్రాయుటకు నాకంటె పెద్దలు, అర్హులు ఉన్నారని మనవి చేసికొన్నాను. నేను ఎన్నుకొన్నది ఒక వ్యాధి చరిత్ర. ఇది ఈ సంచికకు తగిన విషయమేనా అని కొందరికి తోచవచ్చును. కాని మన సంఘముల పాత సమాధి రిజిస్టర్లను తెరచి చూచినవారికి ఆ సందేహము ఉండదు. మరణకారణము వ్రాసెడి గడిలో జ్వరము, కలరా, ప్రసవము అను మాటల నడుమ మాటిమాటికి కనబడు మాట క్షయ.

మా స్వగ్రామపు రిజిస్టరులో 1951వ సంవత్సరపు పేజీలో మా తాతగారి పేరున్నది. 1953 పేజీలో ఆయన తమ్ముని పేరున్నది. ఇద్దరికిని కారణము ఒక్కటే. ఇద్దరికిని పరిచర్య చేసినది మా నాయనమ్మ. ఒకే గది యిల్లు, ఒకే వాకిలి, కిటికీ లేదు. రెండేండ్లకు పైగా ఆమె ఆ దగ్గుల నడుమనే వండినది, తిన్నది, నిద్రించినది. ఆమెకు ఆ వ్యాధి రాలేదు. 1994 వరకు బ్రతికి, మనుమల పెంపకములో కూడ పాలు పంచుకొన్నది. ఆ గదిలోనే పెరిగిన మా నాన్నగారికి గాని, మా మేనత్తకు గాని రాలేదు.

అయినను 1964లో మా మేనత్తకు సంబంధము కుదిరి, ప్రధానమునకు దినము నిర్ణయించిన తరువాత, “ఆ యింటి రక్తములో క్షయ ఉన్నదట” అను మాట ఎవరో చేరవేసినారు. సంబంధము తప్పిపోయినది. రెండవదియు అట్లే పోయినది. ఆమె ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసి, పెండ్లి లేకయే 2011లో కన్నుమూసినది. జీవితమంతయు ఆమెకు క్షయ రాలేదు.

క్షయ రక్తములో ఉండునా? ఒకే ఇంటిలో, ఒకే గాలి పీల్చినవారిలో ఒకరికి వచ్చి మరియొకరికి రాకపోవుటకు కారణమేమి? ఈ రెండు ప్రశ్నలకు మానవులు చెప్పిన జవాబుల చరిత్రయే ఈ వ్యాసము. వేదాంత కళాశాలలో చదివినవాడనే గాని నేను వైద్యుడను కాను. చదివి గ్రహించినంత మట్టుకు సంఘస్థులకు అర్థమగునట్లు చెప్ప ప్రయత్నించుచున్నాను.

పాత కాలపు రెండు వాదములు

క్షయ అనగా తరుగుదల. మన ప్రాచీన వైద్యులు దీనిని రాజయక్ష్మ అన్నారు. చరక, సుశ్రుత సంహితలు రెండింటిలోను దీని వర్ణన ఉన్నది. ఐరోపాలో ఈ వ్యాధి గూర్చి రెండు పక్షములుండెను. దక్షిణాదిన ఇటలీ, స్పెయిను దేశముల వారు ఇది అంటువ్యాధి అని నమ్మిరి. 1546లోనే ఫ్రాకాస్టోరో అను ఇటలీ వైద్యుడు, కంటికి కనబడని బీజముల వలన ఇట్టి వ్యాధులు సోకునని వ్రాసెను. 1699లో లుక్కా అను చిన్న రాజ్యము, 1782లో నేపుల్సు రాజ్యము క్షయరోగుల విషయమై శాసనములే చేసినవి. ఉత్తరాదిన ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశముల వైద్యులలో అధిక సంఖ్యాకులు ఇది కుటుంబములో తరతరములుగా వచ్చు బలహీనత అని తలచిరి.

ఉత్తరాది వారి తలంపుకు కారణము లేకపోలేదు. ఇంగ్లండులో హావర్త్ అను గ్రామమున పాట్రిక్ బ్రాంటీ అను ఆంగ్లికన్ గురువు కుటుంబమును చూడుడి. ఆయనకు ఆరుగురు బిడ్డలు. బడి వసతిగృహము నుండి రోగముతో ఇల్లు చేరిన మేరియా, ఎలిజబెత్ అను పెద్ద కుమార్తెలిద్దరు 1825లో మరణించిరి. 1848 సెప్టెంబరులో ఒక్కగానొక్క కుమారుడు బ్రాన్వెల్, అదే సంవత్సరము డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ మరణించిరి. ఎమిలీ, ఆన్ క్షయ వలననే పోయిరి. నవలలు వ్రాసి పేరుగాంచిన షార్లెట్ 1855లో పోయినది. ఆరుగురు బిడ్డలను సమాధి చేసిన ఆ తండ్రి మాత్రము అదే గురుగృహములో 84 సంవత్సరముల వయస్సు వరకు జీవించి 1861లో మరణించెను. ఇట్టి కుటుంబమును చూచిన ఊరివారు “వంశములో ఉన్నది” అనక మరేమందురు? కాని బిడ్డల రక్తములో ఉన్నది తండ్రిలో లేకపోయెనా? అంటువ్యాధియే అయినచో, అదే గాలి పీల్చిన తండ్రికి రాదేమి? రెండు వాదములును ఆ ఇంటి గడప వద్దనే తడబడుచున్నవి.

సూక్ష్మజీవి కనబడిన తరువాత

1865లో విల్లెమాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు క్షయరోగి శరీరము నుండి తీసిన పదార్థమును కుందేళ్ళకు ఎక్కించి వాటికి వ్యాధి కలుగుట చూపెను. 1882 మార్చి 24న బెర్లినులో రాబర్ట్ కోక్ ఆ సూక్ష్మజీవినే కనుగొని చూపెను. మానవులలో ఏడింట ఒకరు ఈ వ్యాధి వలననే చనిపోవుచున్నారని ఆయన ఆనాడు చెప్పినాడు. నేటికిని మార్చి 24వ తేది ప్రపంచ క్షయ దినముగా పాటింపబడుచున్నది.

దీనితో వంశవాదము అంతరించి ఉండవలెను. కాని మరియొక వింత బయలుపడినది. 1907లో వియన్నాలో పిర్కే అను బాలవైద్యుడు, కోక్ తయారు చేసిన ట్యుబర్క్యులిన్ అను ద్రవమును చర్మముపై గీచి పరీక్షించు పద్ధతిని కనిపెట్టెను. మరుసటి సంవత్సరము ఫ్రాన్సులో మాంటో దానినే సూదితో చర్మములోనికి ఎక్కించు విధముగా మార్చెను. మన ఆసుపత్రులలో ముంజేతిపై చేయు మాంటో పరీక్ష ఇదియే. సూదివేసిన చోట గట్టిపడి ఉబ్బినచో ఆ దేహమునకు క్షయ సూక్ష్మజీవితో పరిచయము కలిగినదని అర్థము. పిర్కే వియన్నా పిల్లలను పరీక్షింపగా, పెరుగుచున్న కొలది వారిలో అనేకులకు, పధ్నాలుగేండ్ల వయస్సు వచ్చునప్పటికి అత్యధికులకు, ఆ పరిచయము కలిగియున్నట్లు తేలెను. కాని వారిలో అధికులు ఆరోగ్యముగా ఆడుకొనుచున్నవారే! సూక్ష్మజీవి లోపల ఉండి వ్యాధి లేకుండుటను పిర్కే నిద్రాణమైన క్షయ అని పిలిచెను.

ఇది ముఖ్యమైన సంగతి గనుక కొంత నిలిచి చెప్పవలెను. రోగి దగ్గినప్పుడు గాలిలో తేలు తుంపరలలోని సూక్ష్మజీవి ఊపిరితిత్తుల అడుగు వరకు చేరును. అక్కడ కాపలా కణములు దానిని మ్రింగును. కొందరిలో ఆ మొదటి కావలివాండ్రే దానిని హతము చేయుదురు. కొందరిలో చంపలేక చుట్టుముట్టి బంధించి ఉంచుదురు; ఇదియే నిద్రాణ సంక్రమణము. వీరికి దగ్గు ఉండదు, వీరి వలన ఇతరులకు అంటదు. కొందరిలో మాత్రము ఆ కట్టుగోడ కూలి వ్యాధి బయటపడును. కనుక అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఒకటి, సూక్ష్మజీవి ఎవరిలో కాలూనును? రెండు, కాలూనిన తరువాత ఎవరిలో వ్యాధిగా మారును? మన పెద్దలు గాని, వారి వైద్యులు గాని ఈ రెండింటిని వేరుచేయలేకపోయిరి.

ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతు మందికి ఈ సూక్ష్మజీవి సోకియున్నదని నేటి అంచనా. 2019 నుండి 2021 వరకు మన దేశములో జరిగిన జాతీయ సర్వేలో, పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 31 మందికి సోకియున్నట్లు తేలినది. అనగా ఆదివారము ఆరాధనకు వచ్చు మనలో ముగ్గురిలో ఒకరు ఇంచుమించు ఈ లెక్కలోనివారే. సోకినవారిలో నూటికి అయిదుగురు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలములో ఎన్నడో వ్యాధి వచ్చును. వచ్చువారిలో కూడ అధికులకు సోకిన మొదటి రెండేండ్లలోనే వచ్చునని 2018లో బేర్, ఎడెల్‌స్టైన్, లలితా రామకృష్ణన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు పాత లెక్కలన్నియు తిరుగవేసి చూపినారు.

ల్యూబెక్ పట్టణపు విషాదము

ఒకే సూక్ష్మజీవి అందరిని ఒకే రీతిగా బాధింపదు అనుటకు చరిత్రలో ఒక ఘోరమైన రుజువు ఉన్నది. 1929 డిసెంబరు మొదలు 1930 వసంతకాలము వరకు జర్మనీలోని ల్యూబెక్ పట్టణములో 251 మంది నవజాత శిశువులకు క్షయ నివారణకై కొత్తగా వచ్చిన బీసీజీ మందును నోటి ద్వారా ఇచ్చిరి. ప్రయోగశాలలో జరిగిన పొరపాటు వలన ఆ మందులో ప్రాణాంతకమైన క్షయ సూక్ష్మజీవులు కలిసినవి. 72 మంది శిశువులు మరణించిరి. 173 మందికి క్షయ లక్షణములు కనబడి, మందు ఏదియు లేని ఆ దినములలో తమంతట తామే కోలుకొనిరి. మిగిలిన కొద్దిమందిలో వ్యాధి జాడయే కనబడలేదు.

ఆ తల్లుల దుఃఖమును తలచినప్పుడు లెక్కలు చెప్పుటకు నోరు రాదు. అయినను ఆ లెక్కలు మనకు బోధించుచున్నవి. అధికముగా కలుషితమైన మందు త్రాగినవారిలో మరణములు అధికముగానే ఉన్నవి. కాని తక్కువ కలుషితమైన దానిని త్రాగియు కొందరు పోయిరి. అధికముగా కలుషితమైన దానిని త్రాగియు కొందరు నిలిచిరి. వారందరును ఒకే ఊరి పసికందులు. మందు మోతాదు ఒక్కటే ఈ భేదమునకు చాలిన కారణము కాదు. విత్తువాని ఉపమానము మనకు క్రొత్త కాదు. విచిత్రమేమనగా, ఆ కాలపు వైద్యులు సైతము క్షయ గూర్చి వాదించునప్పుడు విత్తనము, నేల అను మాటలనే వాడుచుండిరి.

కవలలు, కుందేళ్ళు, ఒక హెచ్చరిక

నేలలో భేదమున్నదా అని పరిశీలించుటకు శాస్త్రజ్ఞులు రెండు మార్గములు పట్టిరి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున మాక్స్ లూరీ అనునాయన అనేక సంవత్సరములు కుందేళ్ళను తరతరములుగా పెంచి, క్షయకు లొంగు వంశములను, తట్టుకొను వంశములను వేరుచేసి చూపెను. ఒకే గాలి, ఒకే మేత, అయినను ఫలితము వేరు.

రెండవ మార్గము కవలలు. ఒకే పిండము నుండి పుట్టిన కవలలకు జన్యువులన్నియు ఇంచుమించు ఒకటే. రెండు పిండముల నుండి పుట్టిన కవలలు సామాన్యమైన తోబుట్టువుల వంటివారే. ఒకరికి క్షయ వచ్చినప్పుడు రెండవవారికి వచ్చుట మొదటి రకము కవలలలో అధికముగా ఉన్నచో, వంశ ప్రభావము ఉన్నదన్నమాట. 1933లో జర్మనీలో డీల్, వెర్షూయర్ అనువారు, 1943లో న్యూయార్కులో కాల్మన్, రైస్నర్ అనువారు అట్లే ఉన్నదని ప్రకటించిరి. బ్రిటనులో సేకరించిన కవలల వివరములను 1978లో కామ్‌స్టాక్ తిరుగ లెక్కించి, మొదటి రకము కవలలలో ఇది రెండంతలు ఉన్నదనెను. 2007లో మరికొందరు అవే లెక్కలను చూచి, కవలలు కలిసి బ్రతికిన పరిస్థితుల ప్రభావము వంశ ప్రభావము కంటె మిన్న అని తేల్చిరి.

ఇక్కడ చరిత్ర మనకు ఒక హెచ్చరిక చేయుచున్నది. ఇంగ్లండులో 1907లో కార్ల్ పియర్సన్ అను గణిత పండితుడు క్షయకు లోనగు గుణము వంశానుగతమని లెక్కలు వేసెను. ఆయన మానవజాతిని పశువుల మందవలె ఏరి మెరుగుపరచవలెనను వాదమునకు నాయకుడు. జర్మనీ కవలల గ్రంథము వ్రాసిన వెర్షూయర్ హిట్లరు పాలనలో జాతి శుద్ధి సిద్ధాంతమునకు పెద్ద అయ్యెను. ఔష్‌విట్జ్ మృత్యుశిబిరములో కవలలపై క్రూర ప్రయోగములు చేసిన మెంగెలె ఆయన వద్ద సహాయకుడుగా పనిచేసినవాడే. వారు చూచిన వాస్తవములో కొంత నిజమున్నది. ఆ నిజము నుండి “వీరు తక్కువవారు” అను తీర్పునకు దూకుటలోనే పాపమున్నది. మా ఊరిలో మా మేనత్త విషయమున జరిగినది ఆ దూకుడుకు చిన్న రూపమే అని నాకు తోచుచుండును.

ఆరోగ్యవరము, మద్రాసు, చెంగల్పట్టు

ఈ చరిత్రలో మన ప్రాంతమునకును పాలున్నది. మదనపల్లె దగ్గర అనేక మిషనులు కలిసి నెలకొల్పిన క్షయ శానటోరియము 1915లో పని ప్రారంభించినది. దానికి ఆరోగ్యవరము అని పేరు పెట్టిరి. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి మొదటి పెద్ద; తరువాత ఆయన కుమారుడు డాక్టర్ యొహన్నెస్ కూడ అక్కడనే సేవచేసెను. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవియే ఆనాటి చికిత్స. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. ఐసోనియాజిడ్ 1952లో గాని వాడుకలోనికి రాలేదు. మా తాతగారిని అక్కడికి పంపుటకు డబ్బు సమకూర్చుకొనుచుండగనే ఆయన పోయెనని నాయనమ్మ చెప్పెడిది.

1950 నుండి డాక్టర్ యొహన్నెస్ ఫ్రిమాట్ మోలర్, ఆయనతో పనిచేసినవారు మదనపల్లె చుట్టుపట్ల గ్రామములలో ఇంటింటికి తిరిగి, ట్యుబర్క్యులిన్ పరీక్షలు చేసి, ఎక్స్‌రేలు తీసి, బీసీజీ ఎంతవరకు కాపాడునో పరిశీలించిరి. మన పల్లె ప్రజలు చేతులు చాచి ఇచ్చిన ఆ లెక్కలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయి ప్రపంచమంతయు చదివినది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మరింత పెద్ద ప్రయత్నము ప్రారంభమైనది. సుమారు 2 లక్షల 80 వేల మందికి బీసీజీ గాని ఉత్త సూది గాని వేసి సంవత్సరముల తరబడి గమనించిరి. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది ఆపుట లేదని 1979లో తేలినప్పుడు లోకము ఆశ్చర్యపడినది. అయినను పసిపిల్లలకు మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపములు రాకుండ అది కాపాడును గనుక నేటికిని పుట్టిన బిడ్డలకు వేయుచున్నారు. తల్లులు దానిని మానరాదు. ఒక దేశములో బాగుగా పనిచేసిన టీకా మరియొక చోట పనిచేయకపోవుటకు, మన మట్టిలో, నీటిలో ఉండు అటువంటివే వేరు సూక్ష్మజీవులతో మన దేహములకు ముందే కలిగిన పరిచయము ఒక కారణమని అనేకులు తలచుచున్నారు. కనుక నేల అనగా జన్యువులు మాత్రమే కాదు.

మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము చేసిన పని అన్నింటికంటె గొప్పది. పేద రోగులు 193 మందిని రెండు భాగములు చేసి, కొందరిని శానటోరియములోను, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చిరి. ఇంటి వద్ద ఉన్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినను ఇరువురును ఇంచుమించు ఒకే విధముగా నయమైరి. అంతకన్న ముఖ్యముగా, రోగి ఇంటిలోనే ఉండి మందు వాడినందువలన కుటుంబీకులకు అదనపు ప్రమాదము కలుగలేదు. 1959లో ఈ ఫలితము వెలువడిన తరువాత లోకమంతటను శానటోరియముల యుగము ముగిసినది. రోగిని వెలివేయవలసిన పని లేదని మన పొరుగు నగరమునందే రుజువైనది. ఆ తరువాత అయిదేండ్లకు గదా మా మేనత్త సంబంధము చెడినది! వైద్యుల వద్ద తెలిసిన సంగతి మా ఊరికి రాలేదు.

జన్యువుల కాలము

1996లో ఒకేసారి రెండు వార్తలు వచ్చినవి. మాల్టా ద్వీపములో ఒక గ్రామపు పిల్లలు, ట్యునీషియాలో ఒక బిడ్డ, సామాన్యులకు హాని చేయని క్షయ జాతి సూక్ష్మజీవులకే, బీసీజీకే కూడ, తట్టుకొనలేకపోయిరి. కారణము వెదకగా, కాపలా కణములకు “లెమ్ము, చంపుము” అని వార్త తెచ్చు ఇంటర్‌ఫెరాన్ గామా అను పదార్థమును అందుకొను ద్వారము వారిలో చెడియున్నట్లు తెలిసినది. వార్త వచ్చుచున్నది గాని వినుటకు చెవి లేదు. ఇట్టి లోపములు బహు అరుదు. ఒకే జన్యువులోని లోపము ఇంతటి పని చేయగలదని మాత్రము స్థిరపడినది.

1998లో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో ఎన్‌ర్యాంప్ 1 అను జన్యువులోని సామాన్య భేదములు కొందరికి క్షయ అపాయమును పెంచునని చూపిరి. ఇట్టి సామాన్య భేదముల బలము స్వల్పము. ఒక దేశములో కనబడినది వేరు దేశములో కనబడకపోవుటయు కలదు. 2018లో టీవైకే 2 అను జన్యువు సంగతి బయటపడినది. దానిలోని ఒక భేదము తల్లి నుండియు తండ్రి నుండియు రెండు ప్రతులు వచ్చినవారికి క్షయ అపాయము హెచ్చు. ఐరోపా సంతతివారిలో సుమారు 600 మందికి ఒకరు అట్టివారు. ఐరోపాలో పురాతన ఎముకలలోని జన్యు పదార్థమును పరీక్షించి, గడచిన రెండువేల సంవత్సరములలో ఈ భేదము అక్కడ బహుగా తగ్గిపోయినదని 2021లో ప్రకటించిరి. క్షయ అనేక తరముల వారిని ఏరివేసినదనుటకు ఇది గుర్తు. ఇంకొక మాట కూడ వినుడి. అదే భేదము దేహము తనపై తానే తిరుగబడు కొన్ని వ్యాధుల నుండి మనుష్యులను కాపాడును! ఒక చోట బలహీనత, మరియొక చోట బలము. “చెడ్డ రక్తము” అని వేలు చూపువారు ఈ సంగతిని మరువరాదు.

సోకనివారు

మా నాయనమ్మ వంటివారి గూర్చిన పరిశోధన ఇటీవలిది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌను సమీపమున క్షయ బహుగా వ్యాపించిన పేటలు కలవు. అక్కడ పుట్టి పెరిగియు, దినదినము ఆ గాలి పీల్చుచుండియు, అయిదుగురిలో సుమారు ఒకరికి ట్యుబర్క్యులిన్ పరీక్షలో ఏమియు కనబడదు. 2009లో 128 కుటుంబములను పరీక్షించి, ఇట్లు అసలు సోకకుండుట పదకొండవ క్రోమోజోములోని ఒక భాగముతో ముడిపడియున్నదని, సోకినవారిలో చర్మము ఎంత ఉబ్బుననునది అయిదవ క్రోమోజోములోని వేరు భాగముతో ముడిపడియున్నదని చూపిరి. 2015లో ఫ్రాన్సు దేశపు కుటుంబములలో కూడ పదకొండవ క్రోమోజోములోని ఆ భాగమే కనబడినది. 2021లో వియత్నాము, ఫ్రాన్సు, దక్షిణాఫ్రికా ప్రజలను కలిపి చూడగా పదవ క్రోమోజోములో మరియొక చోటు తేలినది. అనగా మొదటి ప్రశ్నకు, రెండవ ప్రశ్నకు జవాబిచ్చు జన్యువులు ఒకటే కానక్కరలేదు.

ఉగాండాలోని కంపాలా నగరములో రోగుల ఇండ్లలోనే ఉండి సంవత్సరముల తరబడి పరీక్షలో ఏమియు చూపనివారి రక్తమును లోతుగా పరిశీలించిరి. వారి దేహములు సూక్ష్మజీవిని ఎరిగియేయున్నవని, కాని దానిని వేరొక విధముగా ఎదుర్కొనుచున్నవని 2019లో తెలిసినది. పరీక్ష వెదకు గుర్తు వారిలో లేదు. పోరాటము మాత్రము జరిగినది. మా నాయనమ్మ అట్టిదేనేమో చెప్పలేను. ఆమెను ఎవరును పరీక్షింపలేదు. ఆమె దేహములో సూక్ష్మజీవి నలువదేండ్లు నిద్రించియే యుండవచ్చును.

నేలను బాగుచేయుట

జన్యువులను మనము మార్చుకొనలేము. అయినను నేలను బాగుచేయవచ్చును. జార్ఖండ్ రాష్ట్రములో 2019 నుండి సుమారు 2,800 మంది రోగుల కుటుంబములను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు నెలనెల బియ్యము, పప్పు అధికముగా ఇచ్చిరి. మందు అందరికిని ఒకటే. అన్నము పెట్టిన ఇండ్లలో కుటుంబీకులకు క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతున తగ్గినదని 2023లో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ మొదలగువారు ప్రకటించిరి. ఎవరి జన్యువులును మారలేదు. మారినది కంచములోని అన్నము. 2023లో ప్రపంచమున 1 కోటి 8 లక్షల మందికి క్షయ వచ్చినది, 12 లక్షల 50 వేల మంది చనిపోయిరి. రోగులలో నాలుగవ వంతుకు పైగా మన దేశస్థులే. “ఆ కులము వారికి, ఆ పేట వారికి క్షయ ఎక్కువ” అనునప్పుడు వారి రక్తము కంటె ముందు వారి కంచమును, వారి కిటికీని చూడవలెను.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. క్షయ రక్తములో పుట్టదు, గాలిలో వచ్చును. అది ఎవరిలో కాలూనుననుటలో జన్యువులకు కొంత పాలున్నది. తిండికి, ఇరుకు ఇంటికి, మధుమేహమునకు, పొగాకునకు, మద్యమునకు పాలున్నది. ఏ కుటుంబమునైనను చూచి ఫలానివారికి తప్పక వచ్చునని చెప్పగల పరీక్ష లేదు. పుట్టుగుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్న మనకు తెలిసినదే. వారికి దొరికిన జవాబును కూడ మనము ఎరుగుదుము.

గత సంవత్సరము మా సంఘములో ఒక పెండ్లి ప్రకటన రెండవసారి చదివిన ఆదివారము సాయంకాలము వరుని తల్లి మా ఇంటికి వచ్చినది.

“అయ్యగారూ, ఆ పిల్ల తండ్రికి టీబీ వచ్చిందంట గదా. ముందే ఎవరూ చెప్పలేదు. రేపు పుట్టబోయే పిల్లలకు వస్తే ఎట్లండి?” అని అడిగినది.

“అమ్మా, ఆయన ఆరు నెలలు మందు పూర్తిగా వాడినాడు, నయమైనది. ఆ అమ్మాయికి పరీక్ష చేయించినారు. నివారణ మాత్రలు కూడ మింగినది. పరీక్ష చేయించుకొనని మీకంటె, నాకంటె ఆమెయే భద్రముగా ఉన్నది” అన్నాను. ఆమె ఒప్పుకొనలేదు. అప్పుడు మా మేనత్త సంగతి మొదటినుండి చెప్పినాను. ఆమె ఏమియు అనక లేచి వెళ్ళినది. రెండు దినముల తరువాత తన కుమారుని వెంటబెట్టుకొని ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళి, అక్కడి డాక్టరు గారిని కూడ అవే ప్రశ్నలు అడిగి వచ్చినదని తెలిసినది. అడుగుట తప్పు కాదు. అడుగకుండ తీర్పు తీర్చుటయే తప్పు.

మూడవ ప్రకటన ఆదివారము చదివినాను. ఎవరును అభ్యంతరము చెప్పలేదు.

మన సంఘములలో ఎవరికైనను రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో వెంటనే కళ్ళె పరీక్ష చేయించుడి. ఇంటిలో ఒకరికి వ్యాధి ఉన్నట్లు తేలినచో, దాచక, తక్కినవారందరిని పరీక్షకు తీసికొనిపొండు. పరీక్షయు, మందును ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. నివారణ మాత్రలు వైద్యులు ఇచ్చినచో చివరివరకు మ్రింగుడి. పాత రిజిస్టరులోని ఆ గడిలో ఆ మాటను మనము ఇక వ్రాయవలసిన పని లేదు. అట్లే, ఆ మాట పేరిట ఏ ఆడపిల్ల సంబంధమును చెడగొట్టవలసిన పనియు లేదు.